ఇరవై ఎనిమిది గజాల ఉమ్మడి కుటుంబం

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున తెల్లాపూర్ అవతల ఒక సైట్ ఆఫీసులో కూచున్నాం, నేనూ మా ఆవిడా. చల్లటి ఏసీ, చేతిలో ఫిల్టర్ కాఫీ, ఎదురుగా గాజుపెట్టెలో ప్రాజెక్టు బొమ్మ, ఆ బొమ్మలో చిటికెనవేలంత కొబ్బరిచెట్లు. 38 అంతస్తులు, ఏడెకరాల జాగా, 1,200 ఫ్లాట్లు. మాకు చూపించింది 22వ అంతస్తులో తూర్పు మొహం, 1,650 చదరపు అడుగులు, అడుగు 8,500. అంటే కోటీ నలభై లక్షలు. ఇంకా కడుతున్నారు కాబట్టి జీఎస్టీ 5 శాతం, అంటే ఇంకో ఏడు లక్షలు. ఆపైన రిజిస్ట్రేషన్, క్లబ్‌హౌసు, కార్పస్ ఫండు, ఇంకేవో. కోటీ పది లక్షలు లోన్ తీసుకుంటే ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవయ్యేళ్ళపాటు నెలకి 95 వేలకి పైనే ఈఎమ్ఐ. ఇప్పుడుంటున్న ఫ్లాటుకి నేను కట్టే అద్దె 38 వేలు.

ఈ లెక్కలు మీ అందరికీ తెలిసినవే. మన ఫీల్డులో అద్దెకుండేవాళ్ళెవరైనా ఏడాదికోసారైనా ఎక్సెల్ షీట్ తెరిచి ఈ లెక్క వేసి, మళ్ళీ మూసేస్తారు. నా షీటుకి పదకొండేళ్ళ వయసు.

ఈసారి మాత్రం మూయలేకపోయాను. ఆ సాయంత్రం మంథనికి ఫోన్ చేసి బాపుకి చెప్పాను. ఆయన ధర అడగలేదు, అంతస్తు అడగలేదు, స్విమ్మింగ్ పూల్ గురించి చెప్తే వినలేదు. అడిగింది ఒకటే.

"జాగ ఎంతొస్తదిరా?"

కాయితాల్లో వెతికి చెప్పాను, "ఇరవై ఎనిమిది గజాలు బాపూ."

"గంతేనా? మన బర్రెల కొట్టమే అంతకన్న పెద్దగుంటుండె."

నవ్వొచ్చింది కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఏడెకరాలంటే 33,880 గజాలు. దాన్ని 1,200 తో భాగిస్తే 28 చిల్లర. లెక్క కరెక్టే. మరి ఆ 28 గజాలు ఎక్కడున్నాయి? ఎక్కడా లేవు. పార్కులో కొంచెం, డ్రైవ్‌వేలో కొంచెం, లిఫ్టు గుంతలో కొంచెం. దానికి దస్తావేజులో రాసే పేరు అవిభాజ్యపు వాటా. మనం రోజూ యూడీఎస్ అంటామే, అదే. "అవిభాజ్యపు" అన్న మాట చూడగానే నాకు గుర్తొచ్చింది తెల్లాపూర్ కాదు, మా మంథని ఇల్లు. ఎందుకంటే అదీ అవిభాజ్యమే. ఈ రెండు అవిభాజ్యాల చరిత్ర తవ్వుతూ పోతే చాలా సంగతులు తేలాయి. అవి చెప్దామనే ఇదంతా.

ముందు మా ఇంటి సంగతి. మంథని తెలియనివాళ్ళకి: గోదారి ఒడ్డు మీద పాత ఊరు. మంత్రపురి అని కూడా అంటారు, వేదం చదువుకున్నవాళ్ళ ఊరని పేరు. 2016 దాకా కరీంనగర్ జిల్లా, ఇప్పుడు పెద్దపల్లి జిల్లా. మా ఇల్లు నిజాం కాలంలో ముత్తాత కట్టించింది. 640 గజాల జాగాలో భవంతి ఇల్లు, నడుమ ఆకాశం కనపడే భవంతి, చుట్టూ సాయబాను, నాలుగు దిక్కులా అర్రలు, టేకు మొగురాలు, పైన గూన పెంకలు. ముందర గోడ డంగు సున్నం, వెనక గోడ మట్టిది. వెనకాల చేదబాయి, దాని పక్కన బాపు చెప్పిన బర్రెల కొట్టం. వాకిట్లోకి పోవాలంటే తల వంచాల్సిందే, దర్వాజ అంత పొట్టి. దాని మీద చెక్కిన చిలకల్ని నేను చిన్నప్పుడు మేకుతో గీకి దెబ్బలు తిన్నాను.

ఇప్పుడా ఇంట్లో ఎవరూ ఉండరు. బాపూ అమ్మా పక్క వీధిలో వేరే ఇంట్లో ఉంటారు. పాతింటికి తాళం. 2022 జులైలో గోదారికి వచ్చిన వరద మీకు గుర్తుండే ఉంటుంది, కన్నెపల్లి, అన్నారం పంపుహౌస్‌లు మునిగిపోయిన వరద. అప్పుడే బొక్కలవాగు ఎదురు తన్ని మంథని వీధుల్లోకి నీళ్ళొచ్చాయి. కింద బ్యారేజీ కట్టినందుకే వాగు పోవడానికి దారిలేక ఊరి మీదికి తిరిగిందని మా ఊళ్ళో ఎవర్నడిగినా చెప్తారు. మా పాతింట్లో మోకాలు లోతు నీళ్ళు నిలిచాయి. నీళ్ళు పోయిన నాలుగో రోజు వెనక మట్టిగోడ కూలింది, దాంతోపాటు ఒక అర్ర కప్పు.

గోడ కట్టించడానికి అప్పట్లో మేస్త్రీ అడిగింది రెండు లక్షలు. ఈ రోజు వరకూ ఆ గోడ లేవలేదు. డబ్బుల్లేక కాదు. బాపు వాళ్ళు ముగ్గురన్నదమ్ములు, ఇద్దరక్కచెల్లెళ్ళు. పెద్దబాపు పోయారు, ఆయన పిల్లలు ముగ్గురు, అందులో ఒకరు డల్లాస్, ఒకరు న్యూజెర్సీ. చిన్నబాపు కరీంనగర్లో. పెద్దత్తమ్మ జమ్మికుంట, చిన్నత్తమ్మ హైదరాబాదు. వాట్సాప్ గ్రూపులో పెట్టాను. డల్లాస్ అన్నయ్య "అమ్మేద్దాం, రిపేరెందుకు" అన్నాడు. న్యూజెర్సీ అక్కయ్య "అమ్మొద్దు, తాతయ్య ఇల్లు" అంది, కానీ పైసలు పంపుతానని అనలేదు. చిన్నబాపు చదివి ఊరుకున్నారు (నీలం టిక్కులు పడ్డాయి). నేనొక్కణ్ణే రెండు లక్షలు పెట్టి కట్టిస్తే? అది నా ఇల్లు కాదు. ఐదో వంతు బాపుది, మిగతాది వాళ్ళది. వాళ్ళ గోడ నేనెందుకు కట్టాలి అని నా మనసులో కూడా ఒక మూల ఉంది, అబద్ధం చెప్పను.

ఇక్కడ చరిత్రలోకి పోదాం. ఇల్లు పుట్టుకతోనే కొడుకులందరిదీ అన్న సూత్రం ఎక్కడిది? మితాక్షర. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యానం. ఆయన కల్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలం వాడు. ఆ కల్యాణి మరెక్కడో లేదు, మనం ముంబై హైవే మీద పోతుంటే పక్కన వచ్చే బసవకల్యాణే. పదమూడో శతాబ్దంలో కేతన దాన్నే తెలుగులో విజ్ఞానేశ్వరీయంగా రాశాడు. అంటే మన ఆస్తి తగాదాలకి తెలుగులో ఎనిమిదొందల ఏళ్ళ నాటి మాన్యువల్ ఉందన్నమాట! బెంగాల్లో దాయభాగం, అక్కడ తండ్రి పోయాకే కొడుకుకి హక్కు. మనకి పుట్టగానే హక్కు. ఎవరి వాటా ఎంతో ఏ రోజుకారోజు మారుతుంటుంది. ఒకరు పుడితే తగ్గుతుంది, ఒకరు పోతే పెరుగుతుంది. రన్‌టైమ్‌లో మారే వేరియబుల్ లాంటిది, పంచుకున్న రోజునే కాన్‌స్టెంట్ అవుతుంది.

ఆ వ్యవస్థకి ఒక తలుపు ఉంది. ఇష్టం లేనివాడు పంచమని అడగొచ్చు. నాకు నా భాగం ఇచ్చెయ్యండి అంటే ఇవ్వాల్సిందే, నడుమ గోడ కట్టుకుని అయినా సరే. మంథనిలో పాత ఇళ్ళు చూడండి, భవంతికి అడ్డంగా ఇటుక గోడలుంటాయి. ఒక దర్వాజ కాస్తా రెండైన ఇళ్ళు. చూడ్డానికి బాధగా ఉంటుంది, కానీ ఆ ఇళ్ళలోనే ఇంకా మనుషులున్నారు. పంచుకోని మా ఇంట్లోనే లేరు.

ఇక ఆడపిల్లల సంగతి. 1956 హిందూ వారసత్వ చట్టం తండ్రి సొంత వాటాలో మాత్రం కూతురికీ భాగం ఇచ్చింది, పుట్టుకతో వచ్చే హక్కు ఇవ్వలేదు. అది ఇచ్చింది మన రాష్ట్రమే ముందు. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. అయితే అప్పటికే పెళ్ళయిపోయిన కూతుళ్ళకి వర్తించదు. మా చిన్నత్తమ్మ పెళ్ళి 1988లో, పెద్దత్తమ్మది 1978లో. ఒకే తల్లికి పుట్టిన ఇద్దరిలో ఒకరికి హక్కు, ఒకరికి లేదు! 2005లో కేంద్రం చట్టాన్ని సవరించాక ఆ తేడా పోయింది. తండ్రి అప్పటికే పోయి ఉంటే సంగతేమిటన్న గొడవ ఇంకో పదిహేనేళ్ళు నడిచి, 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, తండ్రి బతికున్నాడా లేదా అన్నదానితో పనిలేదని. మా తాత 1994లో పోయారు. బాపు మనసులో లెక్క ఎప్పుడూ మూడు భాగాలే, తలా 213 గజాలు. చట్టం లెక్క ఐదు, తలా 128. ఈ సంగతి నేను చెప్పినప్పుడు బాపు కాసేపు మాట్లాడలేదు. "అడిగితె ఇస్తం, వాళ్ళు అడుగుతలేరు గద" అన్నారు చివరికి. అడగకపోవడం వేరు, లేకపోవడం వేరు అని నేననలేదు. అనాల్సింది.

ఇప్పుడు రెండో అవిభాజ్యం. తమాషా ఏమిటంటే అదే ఎన్టీఆర్ ప్రభుత్వం, ఆడపిల్లల చట్టం చేసిన మరుసటి ఏడే, ఇంకో చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం, 1987. ఫ్లాటు నీది, జాగా మాత్రం అందరిదీ, కామన్ ఏరియాల్లో నీకు విడదీయలేని వాటా ఉంటుంది, అందరూ కలిసి సంఘం పెట్టుకోవాలి, కట్టేవాడు టైటిలు కాయితాలు చూపించాలి. రెండేళ్ళ తేడాలో అసెంబ్లీ రెండు ఉమ్మడి కుటుంబాల్ని ముట్టుకుంది. ఒకదాంట్లోకి ఆడపిల్లల్ని రానిచ్చింది, రెండోదాన్ని ముక్కూమొహం తెలియనివాళ్ళతో కొత్తగా కట్టింది.

అసలు ఆ అవసరం ఎందుకొచ్చింది? దీనికి మంథనితో చుట్టరికం ఉంది. 1957 నుంచి వరసగా నాలుగుసార్లు మంథని ఎమ్మెల్యే పి.వి.నరసింహారావు. 1971 సెప్టెంబర్ ఆఖర్లో ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన భూసంస్కరణలంటే అందరూ పొలాల సీలింగే చెప్తారు. పట్నం జాగాల సంగతి ఎక్కువమందికి తెలియదు. 1972 ఏప్రిల్లో మన అసెంబ్లీ, పట్టణాల్లో స్థిరాస్తికి పరిమితి పెడుతూ పార్లమెంటు చట్టం చెయ్యాలని తీర్మానం చేసింది. అదే ఏడాది పట్టణాల్లో ఖాళీ స్థలాలు అమ్మకుండా రాష్ట్రం సొంతంగా చట్టం కూడా తెచ్చింది. చివరికి 1976లో ఎమర్జెన్సీ నడుస్తుండగా కేంద్రం అర్బన్ ల్యాండ్ సీలింగ్ చట్టం చేసింది. హైదరాబాదుకి పరిమితి 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 1,200 గజాలు. బొంబాయి, ఢిల్లీలకి ఇంకా సగమే.

ఉద్దేశం మంచిదే, జాగాలు పెద్దవాళ్ళ దగ్గర పోగుపడకూడదని. జరిగింది వేరు. సీలింగులో పడ్డ జాగా ఏళ్ళతరబడి కోర్టుల్లో ఇరుక్కుంది, అమ్మకానికి వచ్చే జాగా తగ్గింది, ధర పెరిగింది. పెద్ద బంగళాలున్నవాళ్ళకి ఖాళీ జాగా ఆస్తిగా కాక భయంగా కనపడింది. బిల్డర్‌కి ఇచ్చేసి సగం ఫ్లాట్లు తీసుకోవడం మేలనుకున్నారు. బేగంపేట, సోమాజిగూడ, హిమాయత్‌నగర్లలో మామిడిచెట్ల బంగళాలు పోయి ఐదంతస్తుల డబ్బాలు లేచింది ఎనభైల్లో, తొంభైల్లో. ఒక్క సీలింగే కారణమని నేననను. కోస్తా నుంచి వచ్చిన పెట్టుబడి ఉంది, ఉద్యోగాలకి వచ్చిన జనం ఉన్నారు. కానీ మా ఊరి ఎమ్మెల్యే మొదలుపెట్టిన కథ తిరిగి తిరిగి నా ఇరవై ఎనిమిది గజాల దగ్గరికొచ్చింది అనుకుంటే అదో రకం తృప్తి.

ఇంతకీ ఎనభైల ఐదంతస్తుల ఫ్లాటుకి నలభయ్యో యాభయ్యో గజాలు వచ్చేవి కదా, ఇప్పుడు 28 ఏమిటి? దానికి జవాబు 2006 మార్చిలో వచ్చిన జీవో 86. అంతకుముందు ఎంత జాగాలో ఎంత కట్టొచ్చో ఎఫ్ఎస్ఐ అని పరిమితి ఉండేది. ఆ జీవో దాన్ని ఎత్తేసింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ సరిపోతే చాలు, ఎంత ఎత్తుకైనా పోవచ్చు. 2012లో వచ్చిన జీవో 168 కూడా అదే పద్ధతి కొనసాగించింది. బెంగుళూరు, చెన్నై, ముంబైలలో ఎఫ్ఎస్ఐ ఉంది. అందుకే అక్కణ్ణుంచి వచ్చిన కొలీగ్స్ కోకాపేట చూసి నోరు తెరుస్తారు. 2008 మార్చిలో రాష్ట్రం సీలింగ్ చట్టాన్ని కూడా వదిలేసింది. ఒక చేత్తో పెద్ద జాగాల గేటు తెరిచి, ఇంకో చేత్తో ఆకాశం గేటు తెరిచారు. మంచో చెడో మీరే చెప్పండి. ఆ జీవో లేకపోతే ఫ్లాటు ధరలు ఇంకా పైన ఉండేవని అనేవాళ్ళున్నారు, అందులో నిజం లేకపోలేదు.

సరే, వాటా చిన్నదైతే నష్టమేంటి? ఈ ప్రశ్నకి సైట్ ఆఫీసు కుర్రాడి జవాబు, "సర్, యూడీఎస్ ఎవరు చూస్తారు సర్, అమెనిటీస్ చూస్తారు గానీ." నిజమే, మొదటి ఇరవయ్యేళ్ళు ఎవరూ చూడరు. ఆ తర్వాతే చూస్తారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2005లో, నేను సనత్‌నగర్ దగ్గర ఒక అపార్ట్‌మెంట్లో రూమ్మేట్లతో ఉండేవాణ్ణి. తొంభైల మొదట్లో కట్టింది, 20 ఫ్లాట్లు. మేముండేది పై అంతస్తు. వానొస్తే హాల్లో రెండు బకెట్లు పెట్టేవాళ్ళం. టెర్రస్‌కి వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని ఓనరు ప్రతి మీటింగులో అడిగేవాడు. "కారేది మీ ఇంట్లో, మేమెందుకు కట్టాలి" అని కింది అంతస్తుల వాళ్ళు. గ్రౌండ్ ఫ్లోరాయన ఇంకో అడుగు ముందుకేసి, "నేను లిఫ్టే ఎక్కను, లిఫ్టు మెయింటెనెన్స్ కూడా కట్టను" అనేవాడు. అప్పుడు నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు చదువుతుంటే తెలిసింది, ఆయన వాదన 1804 నాటి నెపోలియన్ సివిల్ కోడ్‌లో ఉంది! ఒక ఇంట్లో అంతస్తులు వేరువేరు ఓనర్లవైతే ఏం చెయ్యాలో 664వ ఆర్టికల్ చెప్తుంది. పెద్ద గోడలకీ కప్పుకీ అందరూ వాటా ప్రకారం పెట్టుకోవాలి. మెట్లు మాత్రం, మొదటి అంతస్తు వాడు తన దాకా, రెండో వాడు అక్కణ్ణుంచి తన దాకా. మా గ్రౌండ్ ఫ్లోరాయన నెపోలియన్ మనిషి. కానీ కప్పు విషయంలో నెపోలియన్ కూడా ఆయన పక్కన లేడు. ఫ్రెంచివాళ్ళు 1938లో ఆ పద్ధతి వదిలేసి కొత్త చట్టం చేసుకున్నారు. సిడ్నీవాళ్ళు 1961లో స్ట్రాటా టైటిల్ అని పెట్టారు, బొంబాయి ఉన్న మహారాష్ట్ర 1970లో తన చట్టం చేసింది, మనం 1987లో. అందరూ ఒకే బగ్‌ని ఫిక్స్ చెయ్యడానికి తంటాలు పడ్డారు. జాగా విడదీయలేం, మనుషులు కలవరు, కప్పు కారుతుంది.

ఆ బగ్ ఎంత దూరం పోతుందో 2021 జూన్ 24న ఫ్లోరిడాలో చూశాం. సర్ఫ్‌సైడ్‌లో సముద్రపొడ్డున 1981లో కట్టిన చాంప్లైన్ టవర్స్ సౌత్, అర్ధరాత్రి దాటాక సగం కూలిపోయింది, 98 మంది పోయారు. కట్టడంలో లోపాలున్నాయి, నీళ్ళు నిలిచి కాంక్రీటు తినేసింది. కానీ రిపేరు చెయ్యాలని 2018లోనే ఇంజినీరు రాసిచ్చాడు. ఓనర్ల సంఘం మూడేళ్ళు మీటింగులు పెట్టుకుంది, బోర్డు మెంబర్లు రాజీనామాలు చేశారు, ఖర్చు పెరిగి కోటిన్నర డాలర్లయింది. చదువుతున్నంతసేపూ నాకు మా వాట్సాప్ గ్రూపే కనపడింది. అక్కడా అందరూ మంచివాళ్ళే.

మితాక్షరలో ఉన్న తలుపు ఇక్కడ లేదు, అదీ అసలు తేడా. మా ఇంట్లో ఎవరైనా పంచమని కోర్టుకి పోవచ్చు. టవర్లో నా 28 గజాలు నాకు పంచివ్వండి అనలేను, అపార్ట్‌మెంట్ అన్న ఏర్పాటే దాని మీద నిలబడింది. బయటపడాలంటే నా ఫ్లాటు ఇంకొకరికి అమ్మి, నా కుర్చీలో వాళ్ళని కూచోబెట్టాలి. బిల్డింగు ముసలిదై కొనేవాడు లేనప్పుడు? సింగపూర్‌వాళ్ళు దీనికి 1999లో ఒక దారి తీశారు. పదేళ్ళు దాటిన బిల్డింగుకి 80 శాతం వాటాదార్లు సరేనంటే మొత్తం కట్టగట్టి అమ్మెయ్యొచ్చు, అంతకన్నా కొత్తదైతే 90 శాతం. అప్పుడొచ్చే డబ్బు కాంక్రీటుకి కాదు, జాగాకి. బాపు అడిగిన ప్రశ్న ఇదేనని అప్పుడర్థమైంది. కట్టింది ఏటా పాతబడుతుంది, మిగిలేది జాగా. నా జాగా 28 గజాలు, దాని మీద అప్పటికే 38 అంతస్తులున్నాయి, కూల్చి ఇంకా ఎత్తు కడితేనే ఎవడికైనా లాభం. ఐదంతస్తుల పాత బిల్డింగుని కూల్చి పది కట్టే బిల్డర్ దొరుకుతాడు. ముప్ఫైఎనిమిదంతస్తులు కూల్చడానికి ఎవడొస్తాడు?

న్యాయంగా చెప్పాలంటే పెద్ద ప్రాజెక్టుకి ఒక సుఖముంది. 1,200 మందిలో పదిమంది కట్టకపోయినా లిఫ్టు నడుస్తుంది. కార్పస్ ఫండు పెద్దది, మేనేజర్ ఉంటాడు. 20 ఫ్లాట్లలో ఇద్దరు మొండికేస్తే పని ఆగుతుంది. మా ఆవిడ వాదన ఇదే, దాంట్లో బలముంది. "మీ వాళ్ళు తొమ్మిదిమంది గోడ కట్టలేకపోయారు, పన్నెండొందల మందైతే జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారు" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

రెరా ఉంది కదా అంటారు. ఉంది, అది రాకముందు కొన్నవాళ్ళ కష్టాలు చూసినవాణ్ణి కాబట్టి దాన్ని తక్కువ చెయ్యను. 2016 చట్టం, తెలంగాణలో 2017 జులై ఆఖర్లో రూల్స్ వచ్చాయి. రిజిస్టర్ చెయ్యకుండా అమ్మకూడదు, అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా పదిశాతానికి మించి తీసుకోకూడదు, కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం వేరే ఖాతాలో పెట్టి ఆ ప్రాజెక్టుకే వాడాలి, కట్టడంలో లోపముంటే ఐదేళ్ళ వరకూ బిల్డరే బాగుచెయ్యాలి. కార్పెట్ ఏరియా చెప్పి తీరాలి. మాకు చూపించిన 1,650 అడుగుల్లో కార్పెట్ 1,170. మిగతా 480 అడుగులు గోడలూ బాల్కనీలూ నడవాలూ. అన్నట్టు "ప్రీలాంచ్ ఆఫర్, ఇప్పుడే యూడీఎస్ రిజిస్టర్ చేస్తాం, సగం ధర" అని ఎవరైనా అంటే లేచొచ్చెయ్యండి. అనుమతే లేని బిల్డింగులో వాటా అంటే కూలిన మా అర్రలో వాటా లాంటిది. ఆ అర్రకి కనీసం జాగా అయినా ఉంది.

కానీ రెరా చూసేది బిల్డర్‌కీ కొన్నవాళ్ళకీ మధ్య సంగతి. కొన్నవాళ్ళకీ కొన్నవాళ్ళకీ మధ్య ముప్ఫయ్యేళ్ళ తర్వాత జరగబోయేది దాని చేతిలో లేదు. దానికి సంఘం, సంఘానికి బైలాస్. నేను సైట్ ఆఫీసుకి మళ్ళీ పోయి బైలాస్ డ్రాఫ్ట్ చూపించమన్నాను. కుర్రాడు నన్ను వింతగా చూశాడు. ఇటాలియన్ టైల్స్ గురించి పదిహేను నిమిషాలు చెప్పగలిగినవాడు దీనికి మాత్రం "అది హ్యాండోవర్ అప్పుడు సర్" అన్నాడు. పక్కనే ఉన్న చెరువు ఎఫ్‌టీఎల్ మ్యాపు అడిగితే మేనేజర్ని పిలిచాడు. 2020 అక్టోబర్లో సెల్లార్లలో కార్లు తేలడం చూసినవాణ్ణి, 2024లో హైడ్రా బుల్డోజర్లు చూసినవాణ్ణి, బొక్కలవాగు ఎదురుతన్నిన ఊరివాణ్ణి. ఈ ఒక్కటి అడగడానికి నేను మొహమాటపడను. మ్యాపు చూపించారు, చెరువుకి దూరంగానే ఉంది. ఆ విషయంలో వాళ్ళ తప్పేమీ లేదు.

వారం తర్వాత చందానగర్ వైపు ఇంకోటి చూశాం. వెయ్యి గజాల్లో ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు, 1,400 అడుగులు, కోటీ పదిహేను లక్షలు. పూలు లేదు, క్లబ్బు లేదు, ఒకటే లిఫ్టు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేసింది కాబట్టి జీఎస్టీ లేదు. వాటా 50 గజాలు. పన్నెండు ఫ్లాట్లు అమ్ముడయ్యాయి, అందులో నలుగురు వచ్చి ఉంటున్నారు. నేను టైల్స్ చూడకుండా ఆ నలుగురి తలుపులు కొట్టి మాట్లాడాను. టెర్రస్ కారితే ఖర్చు అందరిదీ అని ఇప్పుడే కాయితం మీద రాసుకుందామా అంటే ముగ్గురు సరేనన్నారు. నాలుగో ఆయన గ్రౌండ్ ఫ్లోరు. "ఆలోచిద్దాం" అన్నారు. నేను నెపోలియన్ సంగతి చెప్పలేదు.

అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. డౌన్ పేమెంట్లో కొంత మంథని ఇల్లు తేలితేనే వచ్చేది. అందుకని ఈసారి వాట్సాప్ మానేసి అందరికీ విడివిడిగా ఫోన్లు చేశాను. ఐదు భాగాలని ముందే చెప్పాను, మూడని కాదు. బాపు పక్కనే కూచుని విన్నారు, అడ్డం చెప్పలేదు. డల్లాస్ అన్నయ్య పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తానన్నాడు. న్యూజెర్సీ అక్కయ్య ఏడ్చింది, తర్వాత సరేనంది. చిన్నబాపు మాత్రం "పెద్దత్తమ్మను అడిగినవా?" అన్నారు.

పెద్దత్తమ్మకి ఎనభైకి దగ్గర. నేను ఆమె వాటా 128 గజాలని, చట్టం ఇచ్చిందని వివరంగా చెప్పాను. ఓపిగ్గా అంతా విన్నది.

"నాకు పైసలేమొద్దు గని బిడ్డా, ఆ దర్వాజ నీ కొత్తింట్ల పెట్టుకుంటవా? ఎవనికన్న అమ్మితె కట్టెల్లెక్కన కొంటడు."

పెట్టుకుంటా అత్తమ్మా అన్నాను. దర్వాజని కొలిచి ఫొటో పంపమని బాపుకి చెప్పాను, పంపారు. నాలుగడుగుల వెడల్పు, ఐదున్నర ఎత్తు. మర్నాడు చందానగర్ బిల్డర్‌ని అడిగితే, మెయిన్ డోర్లన్నీ ఒకేలా ఉండాలి సర్, కారిడార్ కామన్ ఏరియా కదా, సంఘం ఒప్పుకోవాలన్నాడు. ఇప్పటికి సంఘమంటే ఆ నలుగురే. ఈ ఆదివారం మళ్ళీ పోయి అడగాలి.